క్యాప్ వేయించాలా, ఆన్‌లే చాలా? సకినం కొరికి పన్ను విరగ్గొట్టుకున్న నా అనుభవం

మీ ప్రశ్న చదువుతుంటే నాలుక దానంతటదే నా కుడివైపు కింది దవడ పన్ను మీదికి పోయింది. పన్నెండేళ్ళ కింద వేయించిన ఫిల్లింగ్ పక్కన పన్ను మూల విరిగిందని, ఒక డాక్టర్ రూట్ కెనాల్ చేసి (అంటే పన్ను లోపలి నరం తీసేసి) క్యాప్ వేయాలంటే ఇంకొకరు ఆన్‌లే, అంటే పోయిన భాగాన్ని మాత్రమే కప్పే ముక్క, సరిపోతుందన్నారని, అమ్మేమో పీకించి పారేయమంటోందని రాశారు. నేను డాక్టర్‌ని కాదు, ఆదిలాబాద్‌లో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్తాను. కానీ నా నోట్లో ఎడమవైపు క్యాప్ వేయించుకుని చివరికి పీకించుకున్న పన్ను తాలూకు ఖాళీ ఉంది, కుడివైపు ఆన్‌లేతో నిలబడ్డ పన్ను ఉంది. రెండు దారులూ నడిచిన మనిషిగా చెప్తున్నాను.

2019 సంక్రాంతికి మా అత్తమ్మ చేసిన సకినాలు ఆ ఏడాది కొంచెం గట్టిగా కుదిరాయి. రెండోది కొరికితే లోపల 'టప్' అంది. సకినమే అనుకుని నమిలాను. తీరా ఉమ్మి చూస్తే తెల్లటి పెంకు ముక్క. ఇంటర్ చదివే రోజుల్లో ఆ పన్నుకు వెండి ఫిల్లింగ్ వేయించారు నాన్న. ఫిల్లింగ్ చెక్కుచెదరలేదు, దాని పక్కన నాలుక వైపున్న పన్ను గోడే ఊడిపోయింది. ఇలా ఎందుకయిందో తర్వాత డాక్టర్ చెప్తే అర్థమైంది. మొద్దు చీల్చేటప్పుడు మధ్యలో ఇనుప చీల దింపి కొడతారు చూడండి, పెద్ద ఫిల్లింగ్ కూడా అలాగే పనిచేస్తుందట. నమిలిన ప్రతిసారీ అది రెండు వైపుల గోడల్నీ బయటికి నెడుతుంది. ఫిల్లింగ్ ఎంత వెడల్పుంటే గోడలు అంత పలచన. ఏళ్ళ తరబడి కంటికి కనపడని పగులు పాకుతూ వచ్చి, ఒకరోజు ఓ సకినం మీదో చేగోడీ మీదో నెపం పడుతుంది. మా అత్తమ్మకు మాత్రం ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు, ఆ ఏడాది నుంచి సకినాలు కొంచెం గుల్లగా వస్తున్నాయి మరి.

మొదట మా ఊళ్ళోనే ఒక క్లినిక్‌కి వెళ్ళాను. ఎక్స్‌రే తీసి ఐదు నిమిషాల్లో "రూట్ కెనాల్, క్యాప్" అన్నారు. పన్నులో నొప్పి లేదు, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం తప్ప. అయినా రూట్ కెనాల్ ఎందుకని అడిగితే "ఎలాగూ ముందు ముందు అవసరం పడుతుంది కదా మేడమ్" అన్నారు. ఆ 'ఎలాగూ' దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎందుకంటే ఎడమవైపు పన్నుకు ఇరవయ్యారేళ్ళప్పుడు సరిగ్గా ఇదే మాట మీద అదే పని చేయించుకున్నాను. క్యాప్ కూర్చోవాలంటే పన్నును చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర, పైన ఇంకాస్త ఎక్కువే అరగదీయాలి. ఇటుక గోడను నాలుగు వైపులా చెక్కి దాని మీద బకెట్ బోర్లించినట్టు. పుచ్చిన భాగంతో పాటు బాగున్న పింగాణీ పొర కూడా పోతుంది, అది మళ్ళీ మొలవదు. పదమూడేళ్ళ తర్వాత క్యాప్ అంచు కింద చిగురు దగ్గర పుచ్చు పట్టింది. క్యాప్ తీసి చూస్తే లోపల పట్టుకోవడానికి పన్నే మిగల్లేదు. క్యాప్ అంచు దగ్గర పళ్ళ మధ్య దారంతో (ఫ్లాస్‌తో) శుభ్రం చేసుకోవాలని నాకు అప్పుడు తెలియదు, ఆ తప్పు నాదే. కానీ మొదట్లో అంత పన్ను చెక్కకుండా ఉంటే ఇంకో అవకాశం మిగిలేదేమో.

అందుకే రెండో అభిప్రాయానికి హైదరాబాద్ పోయాను. ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఒకటి. పళ్ళ డాక్టర్లందరూ బీడీఎస్ అనే డిగ్రీ చదువుతారు. పన్నును వీలైనంత నిలబెట్టే పనిలో ఎండీఎస్ అనే పై చదువు చేసినవాళ్ళు వేరే ఉంటారు, ఆ విభాగాన్ని కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్ అంటారు. క్యాపులు, బ్రిడ్జిలు చేసేవాళ్ళది ప్రాస్థోడాంటిక్స్. బోర్డు మీద పేరు పక్కన ఇది చూసుకుని వెళ్ళండి. డబ్బు ఇబ్బందైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ఉస్మానియా ఆసుపత్రి పక్కనే. వైద్యం సంగతి తర్వాత, కనీసం ఏం చేయాలో తేల్చుకోవడానికి వెళ్ళొచ్చు. లైన్లో నిలబడే ఓపిక మాత్రం తీసుకుపోవాలి.

హైదరాబాద్‌లో నేను వెళ్ళిన డాక్టరమ్మ చేసిన మొదటి పని నాకు భలే నచ్చింది. దూదిని చల్లబరిచి పన్నుకు ఆనించి, "జివ్వుమన్నప్పుడు చెయ్యెత్తండి, ఆగిపోగానే దించండి" అంది. పక్క పన్నుకూ అలాగే చేసింది. నాకు రెండు సెకన్లలో ఆగిపోయింది. అంటే లోపలి నరం బతికే ఉంది, ఆరోగ్యంగానే ఉంది, దాన్ని తీసేయాల్సిన పని లేదన్నమాట. చలి తీసేశాక కూడా సలుపు నిమిషాల తరబడి ఉంటే, రాత్రిళ్ళు ఊరికే నొప్పి లేస్తే, అప్పుడు కథ వేరు. అప్పుడు రూట్ కెనాల్ తప్పకపోవచ్చు. తర్వాత పాత వెండి ఫిల్లింగ్ తీసేసి, లైటు వేసి పగుళ్ళు ఎంత దూరం పోయాయో చూసి, అద్దంలో నాకూ చూపించింది. చెంప వైపు గోడ మందంగా, గట్టిగా ఉంది. నాలుక వైపు పోయింది. "పోయిన వైపు కడదాం, ఉన్న వైపు ముట్టుకోవద్దు" అంది. ఆన్‌లే అంటే ఇంతే.

కొంచెం వివరంగా చెప్పాలంటే, దవడ పన్ను పైన నాలుగైదు చిన్న గుట్టలుంటాయి, మధ్యలో లోయ. ఆ లోయలో మాత్రమే ఇమిడేలా బయట తయారుచేసి తెచ్చి అతికించే ముక్క ఇన్‌లే. ఒకటో రెండో గుట్టల్ని కూడా కప్పితే ఆన్‌లే. మొత్తం పన్నును చిగురు దాకా కప్పితే క్యాప్. ఇప్పుడు మామూలుగా వేసే పన్ను రంగు ఫిల్లింగ్‌కీ వీటికీ తేడా ఏమిటంటే, ఫిల్లింగ్ మెత్తగా పెట్టి నోట్లోనే లైటుతో గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు ఆ పదార్థం నూటికి రెండు మూడు వంతులు ముడుచుకుంటుంది. చిన్న గుంటలో అది లెక్కలోకి రాదు, పెద్ద గుంటలో అంచు దగ్గర సందు పడుతుంది, గోడల్ని లాగుతుంది. బయట చేసిన ముక్కయితే ఆ ముడుచుకోవడమేదో ముందే అయిపోయి ఉంటుంది, అతికించే పలచటి జిగురు ఒక్కటే నోట్లో గట్టిపడుతుంది. చిన్న పుచ్చుకి ఇన్‌లే చేయిస్తామని ఎవరైనా అంటే నేనైతే వద్దంటాను. మామూలు ఫిల్లింగ్ చాలు, మిగిలిన డబ్బుతో ఏడాదికోసారి చూపించుకోండి.

ఒకప్పుడు ఇవన్నీ బంగారంతో చేసేవారట. మైనంతో పన్ను గుంటకు సరిపడా అచ్చు చేసి, దాని చుట్టూ పూత వేసి, మైనాన్ని కరిగించేసి ఆ ఖాళీలో కరిగిన బంగారం పోయడం. 1907లో అమెరికాలో విలియం టాగర్ట్ అనే దంతవైద్యుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అది చదివి నాకు నవ్వొచ్చింది. మా పాత ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోసేదీ అచ్చం ఇలాగే, మైనపు తీగ చుట్టి, మట్టి పూసి, కాల్చి, ఇత్తడి పోసి. ఇప్పుడు బంగారం ధరకు ఎవరు చేయించుకుంటారు గానీ, అరగకుండా, విరగకుండా నిలవడంలో దానికి సాటి లేదంటారు. ఇప్పుడు ఎక్కువగా పన్ను రంగులో పింగాణీలాంటి సిరామిక్, లిథియం డైసిలికేట్ అనేది వాడుతున్నారు. నాది అదే. కంప్యూటర్‌తో అదే రోజు చెక్కి పెట్టే పద్ధతి కూడా ఉంది, 1985లో స్విట్జర్లాండ్‌లో జూరిక్‌లో మొదలైంది. ఆ యంత్రం ఉన్న క్లినిక్ దొరికితే రెండోసారి తిరిగే పని తప్పుతుంది. నాకు ఆ అదృష్టం లేదు.

మొదటి రోజు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గుంట శుభ్రం చేసి, లోపల లోతుగా ఉన్నచోట పూడ్చి, పుట్టీ లాంటి ముద్దతో అచ్చు తీసుకుని, రంగు సరిచూసి, తాత్కాలికంగా ఒక ముక్క అతికించి పంపించారు. నొప్పి అంటే ఆ ఇంజెక్షన్ సూది ఒక్కటే. అయితే మత్తు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది, ఆలోపు టీ తాగుతూ బుగ్గ కొరుక్కున్నాను, అది పన్ను కంటే ఎక్కువ బాధపెట్టింది. అసలు ముక్క ల్యాబ్ నుంచి రావడానికి వారం. ఆ వారంలో జిగట తిండి వద్దని చెప్పారు. మూడో రోజు ఎవరో నువ్వుల లడ్డు చేతిలో పెడితే మర్చిపోయి తినేశాను, తాత్కాలిక ముక్క లడ్డుతో పాటు బయటికి వచ్చేసింది. గాలి పీలిస్తే కూడా జివ్వుమనేది. దగ్గర్లో ఉన్న డాక్టర్‌తో మళ్ళీ అతికించుకున్నాను. మీరు ఆ వారం పళ్ళ మధ్య దారం వాడితే పైకి లాగకండి, పక్కకు లాగి తీయండి, లేదంటే నా కథే.

వారం తర్వాత రెండోసారి వెళ్ళినప్పుడే అసలు పని. పన్ను చుట్టూ నీలం రబ్బరు గుడ్డ (రబ్బరు డ్యామ్ అంటారు) బిగించి, ఆ ఒక్క పన్నునే బయటికి ఉంచారు. ఉమ్ము తడి తగిలితే జిగురు పట్టదట. ఆన్‌లే నిలబడేదే ఆ జిగురు మీద, క్యాప్‌లాగా చుట్టూ పట్టుకుని ఉండదు. అందుకే అతికించే రోజు రబ్బరు డ్యామ్ వాడతారా అని ముందే అడగండి. నేనైతే ధర కంటే ముందు అదే అడుగుతాను. పన్నుకొక యాసిడ్ జెల్, సిరామిక్‌కి ఇంకొకటి, కడగడం, ఆరబెట్టడం, జిగురు, లైటు. ముప్పావు గంట నోరు తెరిచి ఉంచాను, దవడ కీలు పట్టేసింది.

తర్వాత నేను చేసిన పొరపాటు. నీలం కాగితం పెట్టి కొరకమని, ఎత్తుగా ఉందా అని అడిగారు. మత్తులో ఏం తెలుస్తుంది? బస్సు టైమ్ అవుతోందన్న తొందర వేరే. "బాగుంది" అనేశాను. ఇంటికొచ్చి మత్తు దిగాక చూస్తే అన్నిటికంటే ముందు ఆ పన్నే తగులుతోంది. నాలుగు రోజులు నమిలితే నొప్పి. నరం చచ్చిపోయిందేమో, ఆ మొదటి డాక్టర్ చెప్పినట్టే రూట్ కెనాల్ చేయించాల్సిందేమో అని ఒకటే టెన్షన్. మళ్ళీ మూడు వందల కిలోమీటర్లు పోతే, రెండు నిమిషాలు అరగదీసి నునుపు చేశారు. అంతే, మర్నాటికి నొప్పి లేదు. రాకపోకలకు పన్నెండు గంటలు, పనికి రెండు నిమిషాలు! కాబట్టి కొరికి చూడమన్నప్పుడు మొహమాటపడకండి, మత్తు దిగాక ఎత్తుగా అనిపిస్తే అదే వారంలో వెళ్ళి చెప్పండి.

ఖర్చు అడిగారు. అప్పట్లో నాకు ఎనిమిదిన్నర వేలయింది, బస్సు చార్జీలు కాక. అక్కడే లోహం మీద పింగాణీ వేసిన క్యాప్ నాలుగు వేలన్నారు, జిర్కోనియా అనే గట్టి తెల్లటి సిరామిక్ క్యాప్ పది వేలన్నారు. నాలుగు వేల క్యాప్ చవకే అనిపిస్తుంది గానీ, రూట్ కెనాల్ ఖర్చు కూడా దానికి కలిపి లెక్కేసుకోండి. ఎన్నేళ్ళు ఉంటుందంటే, సిరామిక్ ఇన్‌లేలు, ఆన్‌లేల మీద వచ్చిన పరిశీలనల్లో పదేళ్ళ తర్వాత కూడా పదింట తొమ్మిది నిలిచినట్టు తేలింది. పాడైనవాటిలో ఎక్కువ భాగం ముక్క విరిగినవే. నాకు నిద్రలో పళ్ళు కొరికే అలవాటు కొంత ఉందని, రాత్రి పెట్టుకోవడానికి ఒక గార్డ్ చేసిచ్చారు. మీకూ ఆ అలవాటుంటే ముందే చెప్పండి, మీ ఇంట్లోవాళ్ళనడిగితే తెలుస్తుంది.

అలాగని మీ మొదటి డాక్టర్ తప్పు చెప్పారని నేననను. పన్ను చిగురు లోపలిదాకా విరిగినా, గోడలు చాలావరకు పోయినా ఆన్‌లేకి పట్టు దొరకదు, క్యాపే మేలు. మా తమ్ముడికి అలాగే జరిగింది, వాడికి రూట్ కెనాల్, క్యాప్ రెండూ అవసరమే అయ్యాయి, ఇప్పటికీ బాగున్నాయి. అమ్మగారి సలహా మాత్రం పక్కన పెట్టండి. నాకు ఎడమవైపు పన్ను పోయాక వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది, పైపన్ను కిందికి దిగుతోంది. ఒక్క పన్ను పీకితే పోయేది ఒక్క పన్నుతోనే ఆగదు.

మీరు రెండు విషయాలు రాయలేదు. చల్లటిది తగిలాక నొప్పి ఎంతసేపుంటోంది? ఎక్స్‌రేలో విరుగు ఎముక దాకా పోయిందన్నారా, చిగురు పైనే ఆగిందన్నారా? రెండో డాక్టర్‌నే అడిగి, ఎన్ని గోడలు మిగిలాయో అద్దంలో చూపించమనండి. అది తెలిశాక ఇక్కడే రాస్తే నాకు తెలిసినంతలో చెప్తాను.