క్లౌడ్ అద్దెకు తీసుకునే ముందు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మడూ,

భీమవరం హాస్టల్ నుంచి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. వెబ్ సర్వర్ పెట్టడం నేర్చుకోవడానికి నాన్న కార్డు మీద క్లౌడ్‌లో, అంటే ఏదో కంపెనీ డేటా సెంటర్‌లో, మెషీన్ అద్దెకు తీసుకుంటానంటున్నావు. ఇప్పుడే వద్దు. అందరికీ కనిపించే ఐపీ అడ్రస్‌తో మెషీన్ ఆన్ చేసిన కాసేపటికే ఎక్కడెక్కడి బాట్లో (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) వచ్చి పాస్‌వర్డ్‌లు ఊహించడం మొదలెడతాయి. ఆపడం మరిచిపోతే బిల్లు నడుస్తూనే ఉంటుంది. నేర్చుకునేటప్పుడు ఈ టెన్షన్లు ఉండకూడదు. నీ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్‌లో కంప్యూటర్, పెట్టుకో.

దాన్ని నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితమే. అందులో ఎక్కించడానికి ఉబుంటు సర్వర్ 24.04 (సర్వర్ల కోసం చేసిన లినక్స్) దింపుకో. ఫైలు 2 జీబీ దాటుతుంది కాబట్టి కాలేజీ వైఫైలో దింపుకుంటే మేలు. మెషీన్‌కి 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ చాలు. డెస్క్‌టాప్ రకం మాత్రం వద్దు. అసలు సర్వర్ల దగ్గర నీకుండేది కమాండ్లు టైప్ చేసే నల్ల తెరే, దానితోనే అలవాటు పడాలి. మెషీన్ అసలు లేవకపోతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగులు) వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడు.

చాలామంది ఆగిపోయేది నెట్‌వర్క్ దగ్గర. వర్చువల్‌బాక్స్ మామూలుగా నాట్ (NAT) పద్ధతిలో, ల్యాప్‌టాప్ నెట్ చాటునుంచి, కలుపుతుంది. అందులో మెషీన్ బయటికి వెళ్లగలదు కానీ నీ ల్యాప్‌టాప్ దాని లోపలికి వెళ్లలేదు. లోపల 10.0.2.15 అని కనిపిస్తుంది. ఆ నంబరు బ్రౌజర్‌లో కొడితే ఏమీ రాదు, సర్వర్ పాడైందనుకుంటారు. పోర్ట్ అంటే మెషీన్‌లో ఒక్కో సేవకి ఒక్కో తలుపు నంబరు. వర్చువల్‌బాక్స్ పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ల్యాప్‌టాప్ 8080ని మెషీన్ 80కి (వెబ్ పేజీలు), 2222ని 22కి (ఎస్ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి లాగిన్) కలుపు. అప్పుడు, వెబ్ సర్వర్ ఎక్కించాక, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (నీ ల్యాప్‌టాప్‌కే పేరు) 8080లో పేజీ వస్తుంది. ఇంకా హాయైన దారి, హోస్ట్-ఓన్లీ అని, ల్యాప్‌టాప్‌కీ మెషీన్‌కీ మధ్య మాత్రమే ఉండే రెండో నెట్‌వర్క్ అడాప్టర్ పెట్టుకోవడం. దానికి మామూలుగా 192.168.56 వరసలో అడ్రస్ వస్తుంది. ఉబుంటు ఎక్కించకముందే రెండు అడాప్టర్లూ పెట్టేయి. తర్వాత కలిపితే ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్లో నువ్వే రాసుకోవాలి.

ఇంజిన్‌ఎక్స్ (nginx, పేజీలు పంపే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) ఎక్కించాక ఒక్క సైటుతో ఆగకు. నాన్న అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి కొబ్బరి డాట్ టెస్ట్, కడియం మొక్కలకి నర్సరీ డాట్ టెస్ట్ అని రెండు పేర్లు ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరుకి ఏ అడ్రసో చెప్పే ఫైలు) మెషీన్ అడ్రస్‌తో రాసుకో. డాట్ టెస్ట్‌ని ఇలాంటి ప్రయోగాల కోసమే 1999లో పక్కన పెట్టారు, బయటి ఏ సైటుతోనూ గొడవ రాదు. రెండు పేర్లకీ అడ్రస్ ఒకటే. బ్రౌజర్ పంపిన పేరు చూసి సర్వర్ ఏ పేజీ ఇవ్వాలో తేల్చుకుంటుంది. ఇది నీ కళ్లతో చూశావంటే హోస్టింగ్‌లో సగం అర్థమైనట్టే. ఈ పేర్లకి బయటి సంస్థలు హెచ్‌టీటీపీఎస్‌కి కావలసిన సర్టిఫికెట్ ఇవ్వవు. నువ్వే ఒకటి తయారుచేసుకో, బ్రౌజర్ హెచ్చరిస్తే కంగారుపడకు.

ఇక అసలు చదువు. అంతా పనిచేస్తున్నప్పుడు స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకోవడం) తీసి, కావాలని చెడగొట్టు. ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలు) ఒక సెమీకోలన్ తీసేసి, రీలోడ్ చేయకముందు దాని టెస్ట్ కమాండ్ nginx -t కొట్టు, ఎన్నో లైను దగ్గర తేడా ఉందో చెబుతుంది. పేజీల ఫోల్డర్ చదివే అనుమతి తీసేయి, 403 (అనుమతి లేదు) వస్తుంది. ఇంజిన్‌ఎక్స్ వెనకాల ఏదైనా యాప్ నడుపుతుంటే దాన్ని ఆపేయి, 502 (వెనక నుంచి సరైన జవాబు రాలేదు) వస్తుంది. పోర్ట్ 22ని అనుమతించకుండా ఫైర్‌వాల్ వేసి ఎస్ఎస్‌హెచ్‌తో కొత్తగా లోపలికి వెళ్లడానికి చూడు. వెళ్లలేవు. ఇక్కడ వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ తెర ఎదురుగానే ఉంది కాబట్టి లోపలికెళ్లి సరిచేసుకుంటావు, అద్దె మెషీన్‌లో అయితే చెమటలు పడతాయి. ప్రతిసారీ గూగుల్‌కి పోకముందు ఎర్రర్ లాగ్ (సర్వర్ తన తప్పులు రాసుకునే ఫైలు) చదువు. ఏం చెడగొట్టావు, బ్రౌజర్ ఏం చూపింది, లాగ్ ఏమంది, ఎలా బాగయింది అన్నీ నోట్‌బుక్‌లో రాయి. స్నాప్‌షాట్‌తో వెనక్కి వెళ్లేది రాయడం అయ్యాకే.

స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోవద్దు, అదీ నీ డిస్క్‌లోనే ఉంటుంది. కాన్ఫిగ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకో. తుఫాను రోజుల్లో మన కోనసీమలో నెట్ పోయినా, కావలసినవన్నీ ముందే ఎక్కించుకుని ఉంటే ఛార్జింగ్ ఉన్నంతసేపూ ప్రాక్టీస్ సాగుతుంది.

సంక్రాంతికి ల్యాప్‌టాప్ తెచ్చుకో. నా ముందు ఆ మెషీన్ డిలీట్ చేసి, నీ నోట్‌బుక్ ఒక్కటే చూసి రెండు సైట్లూ మళ్లీ నిలబెట్టాలి. ఎక్కడ ఆగితే అక్కడ కూర్చుని చూద్దాం. అది అయిన రోజు క్లౌడ్ మెషీన్ తీసుకుందువుగాని, మొదటి ఆరు నెలల డబ్బులు నేను కడతాను.

మావయ్య,
అమలాపురం