ఆఫ్ చేసినా కరెంటు తాగే బోర్డు

ప్రశ్న: మాది పలాస దగ్గర. జీడి తోటలో తేమ, ఉష్ణోగ్రత, వాన అరగంటకోసారి నమోదు చేయడానికి రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాం. 20 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఉన్నాయి. ముసురు పట్టిన రోజు అర్ధరాత్రికల్లా ఆగిపోతోంది. ల్యాప్‌టాప్‌లా నిద్రపుచ్చుదామంటే సస్పెండ్ పనిచేయడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ మారిస్తే కుదురుతుందా?

జవాబు: కుదరదు. ఉబుంటు వేసినా, ఇంకేది వేసినా అంతే. ఒక్క మెమరీకి కరెంటు ఉంచి మిగతాదంతా నిద్రపుచ్చే ఏర్పాటు ఆ బోర్డులోనే లేదు.

ముందు లెక్క చూడండి. ఏ పనీ లేకపోయినా పై 4 సుమారు 3 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 72 వాట్ అవర్లు. 12 వోల్టులను 5కు దించే కన్వర్టర్ తినేది కలిపితే 85 దాకా. నిండు బ్యాటరీలో ఉండేదే 84. లెడ్ యాసిడ్‌ది అయితే అందులో సగానికి మించి వాడకూడదు. ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 70 ఇస్తే గొప్పే. పాపం, ముసురును తిట్టుకోవడం దేనికి?

రాస్‌బెర్రీ పై 5కు మారండి. అందులో ఆర్‌టీసీ (బోర్డు ఆఫ్‌లో ఉన్నా నడిచే) గడియారం ఉంది కాబట్టి చెప్పిన వేళకు తనే లేస్తుంది. అయితే షట్‌డౌన్ చేసినా మామూలుగా ఒక వాటుకు పైనే లాగుతూ ఉంటుంది. బోర్డు బూట్ అమరికలు మార్చే ‘ఆర్‌పీఐ ఈప్రామ్ కాన్ఫిగ్’ కమాండ్‌ను ఎడిట్ మోడ్‌లో తెరిచి ‘పవర్ ఆఫ్ ఆన్ హాల్ట్’ 1గా, ‘వేక్ ఆన్ జీపీఐఓ’ 0గా మార్చండి. అప్పుడు 3 మిల్లీ ఆంపియర్ల దరిదాపుకు పడిపోతుంది. 5 వోల్టుల సరఫరా మాత్రం తీయకూడదు, తీస్తే అలారం మోగదు.

బోర్డు లేవగానే మీ ప్రోగ్రామ్ చేయాల్సిన మొదటి పని తర్వాతి అలారం పెట్టడం. కొలతలు రాసుకోవడం ఆ తర్వాతే. చాలామంది అలారం చివర్లో పెడతారు; సెన్సర్ ఒకసారి మొరాయించి ప్రోగ్రామ్ మధ్యలో చచ్చి, అలారం పెట్టకుండానే షట్‌డౌన్ అయిందంటే బోర్డు ఇక లేవదు. ఒక జీపీఐఓ పిన్నుకు (బయటి తీగలు తగిలించే పిన్ను) జంపర్ తీగ పెట్టుకుని, అది గ్రౌండుకు తగిలి ఉంటే షట్‌డౌన్ కాకూడదని ప్రోగ్రామ్‌లో రాయండి. లేకపోతే మీరు లాగిన్ అయ్యేలోగానే అది పడుకుంటుంది.

అరగంటకు 3 నిమిషాల చొప్పున రోజుకు 2.4 గంటలు మెలకువ. 5 వాట్లు వేసుకున్నా 12 వాట్ అవర్లు, నష్టాలతో 15. సగం బ్యాటరీతో, ఎండ పొడ లేకున్నా, దాదాపు మూడు రోజులు.

వాన సంగతి వేరు. తొట్టి ఒరిగినప్పుడల్లా పల్సు ఇచ్చే వర్షమాపకమైతే, పడుకున్న బోర్డు వాటిని లెక్కపెట్టలేదు. ఆ పని ఆర్డుయినో ప్రో మినీ లాంటి చిన్న బోర్డుకు అప్పగించి, లేచినప్పుడు లెక్క అడిగి తీసుకోండి.

కన్వర్టర్ నుంచి సన్నని తీగలు వద్దు. 4.63 వోల్టులకు దిగితే తక్కువ వోల్టేజీ హెచ్చరిక వస్తుంది. బోర్డు వేగం తగ్గుతుంది, ఒక్కోసారి రీబూట్ అవుతుంది. కార్డు మీద రాస్తుండగా అలా జరిగితే ఎస్‌డీ కార్డు పాడవొచ్చు.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. పై 4లో సీపీయూ గవర్నర్‌ను (ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే అమరికను) పవర్‌సేవ్‌కు మార్చాను. మీటరులో తేడా లేదేం?

జవాబు: పని లేనప్పుడు ఆన్‌డిమాండ్ అనే గవర్నర్ కూడా వేగాన్ని అట్టడుగుకే దించుతుంది. పవర్‌సేవ్ పని ఉన్నప్పుడూ అక్కడే కట్టేస్తుంది, అంతే. నిమిషంలో తేలేది రెండు మూడు నిమిషాలు సాగుతుంది. వాడని వైఫై, బ్లూటూత్‌లను కాన్ఫిగ్ ఫైల్లో ఆపేయండి, కొంచెమైనా కలిసొస్తుంది.