రాత్రంతా నిలిచే నిప్పుకు ఏ బొగ్గు?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో కొని పంపిన, గుడ్డు ఆకారంలో ఉండే సిరామిక్ గ్రిల్లు మా ఇంటికి వచ్చి మూడు నెలలైంది. చేపలు, కోడి ముక్కలు బాగానే కాలుతున్నాయి. పొట్టేలు జబ్బను మాత్రం రాత్రి లోపల పెట్టి తెల్లవారాక తీయాలని రెండుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాను. మొదటిసారి ఊళ్లో కొన్న చిల్లచెట్టు బొగ్గు పోశాను. అర్ధరాత్రి దాటేసరికి నిప్పు ఆరిపోయింది. మూత తీసి చూస్తే సగం బొగ్గు కాలనే లేదు. రెండోసారి అచ్చు పోసిన బొగ్గు బిళ్లలు వాడితే అడుగున బూడిద పేరుకుపోయి, తెల్లవారుజామున వేడి పడిపోయింది. వీటికన్నా ఎక్కువ వేడినిచ్చే మంచి బొగ్గు ఏదో తెలుపగోరుతున్నాను.
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం మీ ఉత్తరంలోనే సగం ఉంది. సగం బొగ్గు కాలకుండా మిగిలి ఉండగానే నిప్పు ఆరిపోయిందంటే, అక్కడ కరువైనది వేడి కాదు, గాలి. రెండోసారి బూడిద చేసిన పని కూడా గాలిని అడ్డుకోవడమే. కనుక ఎక్కువ వేడినిచ్చే బొగ్గు కోసం వెతకడం మాని, గాలికి దారి విడిచే బొగ్గు కోసం వెతకండి.

మీ ప్రాంతంలో పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) దగ్గర రాత్రిళ్లు పొయ్యి కాచిన పెద్దలు ఎవరైనా ఉంటే వారిని అడిగి చూడండి. ఆకు పసుపు తిరిగే దశలో 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఈనె ఎండే దశకు 70 డిగ్రీల వరకు రోజుల తరబడి మెల్లగా వేడి పెంచుకుంటూ పోయే ఆ పనిలో, మంట పెద్దదైతే ఆకు పాడవుతుంది, తగ్గితే ఆకు నల్లబడుతుంది. అక్కడ పనితనమంతా మంటను అదుపులో పెట్టడంలో ఉంటుంది. జపాను వారి కమాడో పొయ్యి నుంచి పుట్టిన మీ గ్రిల్లు కూడా ఆ బాపతుదే. దాని మందపాటి గోడలు ఒకసారి వేడెక్కితే ఆ వేడిని బయటకు పోనివ్వవు కాబట్టి, 110 డిగ్రీలు నిలపడానికి లోపల ఏ క్షణంలోనైనా రెండు మూడు పిడికిళ్ల బొగ్గు ఎర్రగా ఉంటే చాలు. మిగిలినదంతా తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మన ఇళ్లలో దాలి గుంటలో పిడకల మీద పాలకుండ పెట్టి సాయంత్రం వరకు కాగనిచ్చేవారు. మీగడ ఎర్రగా కట్టేది. నివురుగప్పిన నిప్పు అన్న మాటను మనం వేరే అర్థంలో వాడుతున్నాం గానీ, మీకు కావలసింది అచ్చంగా అదే.

ఇంత చిన్న నిప్పు ఒక ముక్క నుంచి పక్క ముక్కకు పాకుతూ పది పన్నెండు గంటలు సాగాలంటే మూడు షరతులున్నాయి: ముక్కలు పెద్దవిగా ఉండాలి, బూడిద తక్కువ రావాలి, కట్టె లోపలి దాకా బొగ్గుగా మారి ఉండాలి. చెట్టు ఏ జాతిదన్నది ఆ తరువాతి మాట.

అయినా జాతి గురించి కొంత చెప్పుకోవాలి. చిల్లచెట్టు, అంటే సర్కారు తుమ్మ, గట్టి కట్టె. దాని బొగ్గు బరువుగా ఉండి చాలాసేపు కాలుతుంది. కానీ వంకర కొమ్మల నుంచి వచ్చేది కాబట్టి సంచిలో బొటనవేలంత ముక్కలూ, మోచేయంత ముక్కలూ కలిసి ఉంటాయి, రాజుకునేటప్పుడు చిటపటమని నిప్పురవ్వలు ఎగురుతాయి. నా ఓటు సర్వికే, అంటే సరుగుడుకే. కొత్తపట్నం నుంచి ఉలవపాడు, కావలి వైపు ఇసుక నేలల్లో పెరిగే సర్వి తోటల కట్టె నిటారుగా, దాదాపు ఒకే లావున ఉంటుంది. మంచి బట్టీలో కాల్చిన సర్వి బొగ్గు గిలకల్లాంటి గుండ్రని ముక్కలుగా వస్తుంది. వాటిని పేర్చినప్పుడు నడుమ సందులు వాటంతటవే ఏర్పడతాయి. సుబాబుల్ బొగ్గు తేలిక, త్వరగా అయిపోతుంది. చేపలు కాల్చుకోవడానికి సరిపోతుంది. కొబ్బరి చిప్పల బొగ్గుకు బూడిద తక్కువే గానీ, పెంకులు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయి గాలిని ఆపుతాయి. దానినే పొడి చేసి కర్రపెండలం గంజితో అచ్చు పోసిన, నడుమ రంధ్రమున్న కడ్డీలు దొరికితే మాత్రం అవి రాత్రి వంటకు పనికివస్తాయి. మీరు వాడిన బిళ్లల విషయానికి వస్తే, కొన్ని రకాలలో బొగ్గు పొడితో పాటు సున్నం, బంకమట్టి వంటివి కూడా కలుపుతారు. అవి కాలవు కనుక బూడిదగానే మిగులుతాయి.

కొనేచోట సంచి మూతి విప్పించి చూడండి. మొహమాటపడవద్దు, ఇస్త్రీ బండి నడిపేవారు రోజూ అలాగే చూసి కొంటారు. రెండు ముక్కలు ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమని మోగాలి. దబ్‌మని మొద్దు శబ్దం వస్తే అది తడిసినదైనా కావాలి, సగం కాలినదైనా కావాలి. ఒక ముక్కను విరిచి చూడండి: విరిగినచోట నల్లగా నిగనిగలాడితే మంచిది, గోధుమరంగు చార కనిపిస్తే అక్కడ ఇంకా కట్టె మిగిలి ఉన్నట్టు. అటువంటి ముక్క రాత్రి ఏ రెండు గంటలకో అంటుకుని దట్టమైన తెల్లని పొగ వదులుతుంది, మాంసం చేదెక్కుతుంది. రంగు మరకలున్నవి, మేకు గుచ్చుకున్నవి కనబడితే ఆ సంచి తీసుకోవద్దు. అది కూల్చిన ఇళ్ల తలుపుల, కిటికీల కట్టె కావచ్చు. దాని పొగలో వంట చేయకూడదు.

మన వైపు బొగ్గులో ఇంకొక లోపం ఉంది, మీ మొదటి ప్రయత్నం చెడడానికి బహుశా అదే కారణం. కట్టెలు పేర్చి, పైన ఆకులూ మట్టీ కప్పి కాల్చే బట్టీ నుంచి తీసిన బొగ్గుకు ఇసుక, మన్ను అంటుకుని వస్తాయి. సంచి అడుగున పట్టెడు నుసి కూడా ఉంటుంది. దానిని ఉన్నది ఉన్నట్టు పోస్తే ఆ నుసీ ఇసుకా కిందికి జారి బొగ్గు కింది ఇనుప జాలీ కన్నాలను మూసేస్తాయి. మూడు నాలుగు గంటల తరువాత, పైన ఎంత బొగ్గు ఉన్నా, కింది నుంచి ఊపిరి అందదు. మేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడ మీద సంచిని గుమ్మరించి ఒకసారి ఆడించండి. నేను తూచి చూసిన ఒక సంచిలో పది కిలోలకు కిలోన్నర నుసి రాలింది. ధర తక్కువని సంబరపడి కొన్న సంచి అది.

పేర్చడం కూడా ఎంపికలో భాగమే. పిడికిలికన్నా పెద్ద ముక్కలను చేతితో ఏరి అడుగున, జాలీ కన్నాలకు అడ్డం రాకుండా పేర్చండి. వాటిపై కోడిగుడ్డంత ముక్కలు, సందులలో నిమ్మకాయంతవి వేయండి. 18 అంగుళాల గ్రిల్లయితే మూడు నాలుగు కిలోలు సరిపోతాయి. పైన నడుమ ఒక్కచోటే నిప్పు పెట్టి, కింది గాలి దారినీ పై గాలి దారినీ 90 డిగ్రీలు రాగానే చాలావరకు మూసేయండి. 150 దాటాక తగ్గించాలని చూస్తే గంట పడుతుంది, పింగాణీ తన వేడిని అంత త్వరగా వదలదు. మంటకూ మాంసానికీ మధ్య పింగాణీ పలక అడ్డు పెట్టి, దట్టమైన తెల్లపొగ పోయి సన్నని నీలిపొగ కనిపించేవరకు ఆగి, అప్పుడు జబ్బను లోపల పెట్టండి. మాంసం లోపల 90 డిగ్రీలు దాటాకనే ఎముక నుంచి విడివడుతుంది. నెల్లూరు జాతి పొట్టేలైతే ముదురుదాన్ని ఎంచుకోండి, లేత మాంసానికి ఇంత తతంగం అక్కరలేదు.

ప్రశ్న: బొగ్గు త్వరగా రాజుకోవడానికి కొద్దిగా కిరోసిన్ చల్లవచ్చునా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దు. లోపలి పింగాణీ ఆ వాసనను పీల్చుకుని, తరువాతి వంటలన్నిటికీ అంటిస్తుంది. దూది ఉండను వేరుశనగ నూనెలో ముంచి పిండి, బొగ్గుల నడుమ పెట్టి వెలిగించండి. పది నిమిషాలలో రాజుకోకపోతే బొగ్గు చెమ్మగిల్లిందని అర్థం. కార్తీకమాసపు వానలలో మన తీరం గాలికి గోనెసంచిలోని బొగ్గు తడవకుండానే చెమ్మ పడుతుంది. మూత బిగువుగా పట్టే డ్రమ్ములో పోసి, నేలమీద కాక ఇటుకలమీద ఉంచండి. చెమ్మ పట్టినదాన్ని రెండు రోజులు ఎండబెడితే చాలు.

ప్రశ్న: వంట అయ్యాక మిగిలిన బొగ్గును నీళ్లు చల్లి ఆర్పుతున్నాము. మళ్లీ వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మళ్లీ వాడుకోవచ్చు గానీ, నీళ్లు మాత్రం చల్లకండి. కాలి ఉన్న పింగాణీ మీద చన్నీళ్లు పడితే చిట్లుతుంది. పైనా కిందా గాలి దారులు రెండూ పూర్తిగా మూసేస్తే నిప్పు దానంతటదే ఆరుతుంది. మధ్యలో తెరవవలసి వస్తే మూతను ముందు రెండు వేళ్ల సందు మేరకే ఎత్తి, కొన్ని క్షణాలు ఆగి, తరువాత పూర్తిగా తీయండి. గాలి అందక మగ్గుతున్న నిప్పుకు ఒక్కసారిగా గాలి తగిలితే మంట ముఖం మీదికి లేస్తుంది. మరునాడు మిగిలిన ముక్కలను కదిలించి బూడిద దులిపి, కొత్త బొగ్గును కింద, పాతదాన్ని పైన వేయండి. ఒకసారి కాలినది కాబట్టి త్వరగా రాజుకుంటుంది. వర్షం వచ్చిందని గ్రిల్లును వరండాలోకో, గదిలోకో లాగవద్దు. బొగ్గు నిప్పు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో అది ప్రాణాలు తీస్తుంది. ఆరిందనుకున్న బొగ్గు కూడా లోపల గంటల తరబడి రగులుతూనే ఉంటుంది కనుక, బూడిదను కనీసం ఒక రోజు ఆగి ఇనుప బకెట్టులోకే తీయండి.