రిపోర్టు బాగుంది, ఒళ్లే బాగాలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది హిందూపురం దగ్గర ఊరు. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటూ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మూడేళ్ల కిందట అక్రోమెగలీ (గ్రోత్ హార్మోన్ ఎక్కువై ముఖం, చేతులు, కాళ్లు పెరిగే జబ్బు) అని తేలింది. ముక్కులోంచి ఆపరేషన్ చేసి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ తీశారు. కొంత మిగిలిందని 28 రోజులకోసారి ఇంజెక్షన్ రాశారు. ఖర్చు భరించలేక ఒక్కోసారి 40 రోజులకు వేయించుకుంటున్నాను. మొన్న ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ అదుపులో ఉందో లేదో చూపే రక్తపరీక్ష) నార్మల్ వచ్చింది, థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ కూడా నార్మలే. డాక్టర్ అంతా బాగుందన్నారు. కానీ మోకాళ్లు, వేళ్ల కణుపులు నొప్పి. ఇంజెక్షన్‌కు ముందు వారం తలనొప్పి. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయి, తిండి సయించదు, నీరసం. నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటున్నాను. రిపోర్టులు బాగుంటే ఇదంతా నా భ్రమేనా? మా ఆవిడ అలాగే అంటోంది. దవడ ముందుకొచ్చింది, ఆపరేషన్‌తో సరవుతుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

డాక్టర్ సలహా: భ్రమ కాదు. దవడకు తొందరేం లేదు, చివర్లో చెబుతాను. మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతే నన్ను కలవరపెడుతోంది. పొద్దున లేవగానే కళ్లు తిరగడం, తిండి సయించకపోవడం, నీరసం. పిట్యూటరీ ఆపరేషన్ అయిన మనిషి ఈ మూడూ కలిపి చెబితే ముందు కార్టిసాల్ చూడాలి. ఒంటికి కష్టం వచ్చినప్పుడు బీపీ పడిపోకుండా నిలబెట్టే అడ్రినల్ హార్మోన్ అది.

గ్రోత్ హార్మోన్ ఒక్కటే కాదు, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, థైరాయిడ్, వృషణాలు పనిచేయడానికి కావలసిన సంకేతాలు కూడా పిట్యూటరీ నుంచే వెళతాయి. గడ్డ ఒత్తిడి వల్లో, ఆపరేషన్ వల్లో ఆ సంకేతాలు తగ్గవచ్చు. రేడియేషన్ కూడా తీసుకుని ఉంటే ఏళ్ల తర్వాతైనా తగ్గవచ్చు. మీరు తీసుకున్నారో లేదో రాయలేదు. కార్టిసాల్ తక్కువగా ఉన్నవాళ్లు మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తారు. జ్వరమో, వాంతులో, విరేచనాలో పట్టుకుంటే ఒక్క రోజులో బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఈ వారంలోనే, పొద్దున 8 గంటల ప్రాంతంలో రక్తం ఇచ్చి సీరం కార్టిసాల్ చేయించుకోండి. సాధారణంగా డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు వస్తే లోటు ఉన్నట్టే, 15 దాటితే చాలావరకు నిశ్చింత. మధ్యలో వస్తే ఇంకో పరీక్ష అవసరమవుతుంది, అది మీ ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) చూసుకుంటారు. ఈలోపు వాంతులు మొదలైనా, నిలబడలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, పిట్యూటరీ ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పండి.

టీఎస్‌హెచ్ నార్మల్ అని ఊరట పడుతున్నారు. మీ విషయంలో ఆ ఒక్క అంకె చాలదు. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ. అది సరిగా పనిచేయనప్పుడు, థైరాయిడ్ తగ్గినా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించవచ్చు. థైరాయిడ్ హార్మోన్‌నే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 కూడా కావాలి. అది తక్కువ వచ్చింది కదా అని ఎవరైనా థైరాయిడ్ మాత్ర రాస్తే, కార్టిసాల్ సంగతి తేలేదాకా మొదలుపెట్టకండి. వరస తప్పితే ప్రమాదం.

ఇక మెడికల్ షాపు మాత్రలు. ఆ పేర్లు ఎందుకు రాయలేదు? స్ట్రిప్పు మీద పేరుందా, లేక కాగితం పొట్లంలో రెండు తెల్లవి, ఒక పసుపుది కట్టి ఇస్తున్నారా? నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పొట్లమే చూపిస్తారు. విప్పి చూస్తే ఒకటి నొప్పి మాత్ర, ఒకటి గ్యాస్ మాత్ర, మూడోది చాలాసార్లు స్టెరాయిడ్. అది వేసుకున్న రోజు ఒళ్లు తేలికవుతుంది, ఆకలి వేస్తుంది, మాత్ర మంచిదన్న నమ్మకం కుదురుతుంది. వారాల తరబడి వాడితే శరీరం తన కార్టిసాల్ తాను చేసుకోవడం మానేస్తుంది. మానిన రోజు నీరసం, కళ్లు తిరగడం. ఆపరేషన్ అయిన ఇన్నేళ్లకు మీకీ బాధలు కొత్తగా మొదలయ్యాయి కాబట్టి నా అనుమానం గడ్డ మీద ఎంతుందో ఈ పొట్లం మీదా అంతే ఉంది. చూడకుండా తేల్చి చెప్పలేను. ఇది చదివి ఒక్కసారిగా మానేయకండి, అదీ ప్రమాదమే. మాత్రలన్నీ, నాటు పొడులు ఉంటే అవి కూడా, సంచిలో వేసుకుని డాక్టర్ టేబుల్ మీద పెట్టండి. కార్టిసాల్ పరీక్షకు ముందే పెట్టండి, లేకపోతే రిపోర్టు అర్థం మారిపోతుంది. అవి స్టెరాయిడ్ కాదు, డైక్లోఫెనాక్ లాంటి ఉత్త నొప్పి మాత్రే అనుకున్నా, రోజూ వేసుకుంటే కిడ్నీలకు చేటు. మీ జబ్బులో బీపీ, షుగర్ రావడం మామూలే కాబట్టి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఒంటి మీద ఇంత పెద్ద జబ్బు పెట్టుకుని షాపు కౌంటర్ దగ్గర వైద్యం చేయించుకోవడం ఏం పద్ధతండీ?

ఇప్పుడు మీరు అడిగిన మాట. రిపోర్టు బాగున్నా ఒళ్లు ఎందుకు బాగాలేదు?

ఈ జబ్బులో రోగి చెప్పేదానికీ డాక్టర్ రాసుకునేదానికీ పొంతన కుదరకపోవడం మాకు తెలిసిన సంగతే. మాకు కనిపించేవి మీకు కనిపించవు. ముక్కు లావెక్కడం, పళ్ల మధ్య సందులు, ఉంగరం బిగుసుకోవడం ఏళ్ల మీద జరుగుతాయి. ఇంట్లోవాళ్లు రోజూ చూసే ముఖమే కాబట్టి వాళ్లకూ తెలియదు. అనుమానం వస్తే మేము పాత ఆధార్ కార్డు అడిగి ఫొటో పక్కన మనిషిని పెట్టి చూస్తాం. అలాగే మీరు అనుభవించేవి మాకు కనిపించవు. కణుపుల నొప్పి, చెమట, పెళ్లిలో ఫొటోకు పిలిస్తే పక్కకు తప్పుకోవడం ఏ ల్యాబు రిపోర్టులోనూ రావు. అందుకే ఈ జబ్బు కోసం అక్రోక్వాల్ అని 22 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. సగానికి పైగా ఒంటి గురించి కాదు, రూపం గురించి, నలుగురిలో మెలగడం గురించి అడుగుతుంది. రద్దీ ఓపీలో దాన్ని తీసేవాళ్లు తక్కువ. అది మా వైపు లోపమే.

మీ వైపు కూడా ఒకటుంది. డాక్టర్ ఎలా ఉన్నారంటే "పర్లేదు సార్" అని, బయటికొచ్చాక ఇంట్లోవాళ్లకు నొప్పులన్నీ ఏకరువు పెట్టేవాళ్లను రోజూ చూస్తున్నాను. బెంగళూరులో మనవాళ్లకు ఇంకో చిక్కు. కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్పబోయి మాట దొరక్క తలూపి లేచి వచ్చేస్తారు. ఇక్కడ తెలుగు అర్థమయ్యే డాక్టర్లూ, నర్సులూ చాలామందే ఉన్నారు, మొహమాటం లేకుండా తెలుగులోనే మొదలుపెట్టండి. క్యాలెండర్‌లో ఇంజెక్షన్ తేదీకి గుండ్రం చుట్టి, తలనొప్పి ఏ రోజు వచ్చిందో, కళ్లు ఏ పూట తిరిగాయో పక్కన రాసి ఆ కాగితం పట్టుకెళ్లండి.

మీ నొప్పుల్లో కొన్ని హార్మోన్ అదుపులోకి వచ్చాక కూడా పోవు. వాచిన మెత్తటి కండ తగ్గుతుంది గానీ కీళ్లలో అప్పటికే అరిగిన మృదులాస్థి తిరిగి రాదు. దానికి ఫిజియోథెరపీ, బరువు అదుపు, డాక్టర్ రాసిన నొప్పి మందు. ముందు వారం తలనొప్పి మాత్రం వేరు, మందు ప్రభావం తగ్గిపోతోందన్న సూచన కావచ్చు. 40 రోజులకు వేయించుకుంటే ఆశ్చర్యమేముంది? పైగా ఇంజెక్షన్ అయిన రెండో వారంలో రక్తం ఇస్తే ఐజీఎఫ్-1 అందంగానే వస్తుంది. తర్వాతి డోసుకు ముందు రోజు, ఎప్పుడూ వెళ్లే ల్యాబులోనే ఇవ్వండి. చూపు పక్కల మసకబారుతుంటే వెంటనే ఎంఆర్ఐ, కళ్ల పరీక్ష.

ఖర్చు సంగతి నాకు తెలుసు. డబ్బు చాలడం లేదని మీ డాక్టర్‌తో చెప్పారా? కొందరికి ఐజీఎఫ్-1 చూసుకుంటూ మేమే వ్యవధి పెంచుతాం. జబ్బు తక్కువ స్థాయిలో ఉన్నవాళ్లకు క్యాబర్గోలిన్ మాత్ర పనికొస్తుంది. మనదేశంలో తయారైన మందు, రేడియేషన్, ఇంకోసారి ఆపరేషన్, ఇలా దారులు ఉన్నాయి. మీకు ఏది సరిపోతుందో స్కాన్ చూసినవాళ్లే చెప్పాలి. మీరు చెప్పకుండా గ్యాప్ ఇస్తే, మందు పనిచేయడం లేదనుకుని డోసు పెంచుతారు.

తిండి సయించకపోవడానికి ఇంజెక్షన్ కూడా కారణం కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావడం కద్దు. ఒక అల్ట్రాసౌండ్ అడగండి. గురక ఉంటే నిద్ర పరీక్ష కూడా.

దవడకు ఆపరేషన్ ఉంది. ఐజీఎఫ్-1 కొంతకాలం నిలకడగా నార్మల్‌లో ఉన్నాకే చేస్తారు, లేకపోతే మళ్లీ పెరగవచ్చు. దవడ, ముఖం ఆపరేషన్లు చేసే మాక్సిలోఫేషియల్ సర్జన్‌ను అప్పుడు కలవండి. ఈలోపు పన్ను పీకించుకోవాల్సి వచ్చినా సరే, కార్టిసాల్ రిపోర్టు వచ్చి, మీ ఎండోక్రైనాలజిస్టు సరేనన్నాకే కుర్చీలో కూర్చోండి.