వికీ చర్చలో వేరేవాళ్ల మాటను దిద్దొచ్చా?

వికీపీడియాలాంటి వికీలో వ్యాసాన్ని ఎవరైనా దిద్దొచ్చు కదా, దాని గురించి రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చ పేజీలో ఎవరో రాసిన మాటను ఎందుకు దిద్దకూడదు అని మీ ప్రశ్న. వికీని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మామూలుగా అడ్డుకోదు. అయినా నేను వద్దంటాను. వ్యాసం ఉమ్మడి సొత్తు, దాని కింద ఎవరి పేరూ ఉండదు. చర్చలో మాట కింద నాలుగు టిల్డేలతో (~~~~) పడిన సంతకం, తేదీ ఉంటాయి.

మా వైజాగ్ బీచ్‌రోడ్డులోని కురుసుర జలాంతర్గామినే తీసుకోండి. "మ్యూజియం 2001లో తెరిచారు" అని ఒకరు రాశారనుకుందాం. "కాదండీ, 2001లో నౌకాదళం సేవ నుంచి తప్పించారు, మ్యూజియం 2002లో" అని ఇంకొకరి జవాబు. మూడో ఆయన సాయం చేద్దామని పై మాటలో 2001ని 2002 చేసేశాడు. ఇక జవాబిచ్చినాయన లేని తప్పుకు గొడవ పడుతున్నట్టు కనిపిస్తాడు! పాత మార్పులన్నీ చూపే చరిత్ర ట్యాబులో అంతా దొరుకుతుంది, నిజమే. ఎవరు తవ్వి చూస్తారు?

ఎవరిదైనా ఫోన్ నంబరో ఇంటి చిరునామానో కనిపిస్తే మాత్రం వెంటనే తీసెయ్యండి. సంతకం మరిచినవారి పేరు జతచేయడం, చెదిరిన ఇండెంట్ (జవాబు ముందు వదిలే ఖాళీ) సర్దడం తప్పేం కాదు. అక్షరదోషాల జోలికి పోకండి, కొందరికి చిర్రెత్తుకొస్తుంది. తప్పు మీ మాటలోనే ఉంటే, జవాబు వచ్చాక చెరిపెయ్యకుండా దానిమీద కొట్టివేత గీత పెట్టి పక్కన కొత్తది రాయండి.