తలదన్నినవాడి గురించి తమ్ముడికి

తమ్ముడూ,

లండన్ క్లబ్బు చెల్సీ పాత ఫుట్‌బాల్ ఆటగాడు ఎడ్డీ మెక్రీడీ మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న రాత్రే చదివాను. నిన్న పెన్సిల్ పట్టుకుని మళ్ళీ చదివాను. రెండు ముక్కల్లో జవాబు రాసేద్దామనుకున్నాను గానీ ఎడ్డీ మెక్రీడీ అంటే నాకు ఎప్పట్నుంచో ఒక మోజు. అందుకే ఉత్తరం పొడవైపోతోంది. ఓపిగ్గా చదువు.

ముందు శీర్షిక. 'తలదన్నినవాడు' అని పెట్టావు. నవ్వొచ్చింది, దాచడం దేనికి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడన్న సామెతని పట్టుకొచ్చి, 1970లో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనల్ తేలక మళ్ళీ ఆడిన మ్యాచ్‌లో లీడ్స్ ఆటగాడు బిల్లీ బ్రెమ్నర్ తలకి తగిలిన మెక్రీడీ బూటుకి ముడేశావు. బాగుంది. కానీ నీ వ్యాసాన్ని ముంచింది కూడా అదే. శీర్షిక అలా పెట్టాక మొదటి పేరా ఆ తన్నుతోనే మొదలవ్వాలి, మధ్యలో దాన్నే తల్చుకోవాలి, చివర్లో మళ్ళీ అక్కడికే రావాలి. చెల్సీకి 410 మ్యాచ్‌లు, స్కాట్లండ్‌కి 23 మ్యాచ్‌లు ఆడినవాడి జీవితంలో అది రెండు సెకన్ల పని. నీ వ్యాసంలో సగం అదే.

పోనీ ఆ రెండు సెకన్లయినా నువ్వు చూపించావా అంటే అదీ లేదు. 'ఉక్కు గోడ' అన్నావు. 'కరుడుగట్టిన డిఫెండర్' అన్నావు. 'ప్రత్యర్థుల గుండెల్లో రైళ్ళు పరిగెత్తించాడు' అన్నావు. ఇవన్నీ మన స్పోర్ట్స్ పేజీ గోడౌన్లో ఎప్పుడూ స్టాకుండే సరుకు. రాత్రి పదకొండింటికి పేజీ వదలాల్సిన సబ్‌ఎడిటర్ వాడుకుంటే తప్పులేదు, పాపం వాడికి వేరే దారి లేదు. నీకు మూడు వారాలు టైముంది కదా.

నా కథ ఒకటి చెప్తాను. నేను పేపర్లో చేరిన కొత్తలో ఒక జిల్లా టోర్నమెంట్‌కి పంపారు. సెమీఫైనల్లో ఒక డిఫెండర్ అవతలి జట్టు కుర్రాడికి కాలు అడ్డంపెట్టాడు, కుర్రాడు లేవలేదు, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. మర్నాడు నా వార్తకి 'మైదానంలో కసాయి' అని హెడ్డింగు. ఆ పదం నాదే, డెస్కు వాళ్ళది కాదు. మధ్యాహ్నం ఆయన ఆఫీసుకొచ్చాడు. గొడవ చేస్తాడనుకుని నాకు ఒకటే టెన్షన్. గొడవేం లేదు. నా ముందున్న కుర్చీలో కూర్చుని, టేబుల్ మీదున్న పేపర్ వెయిట్‌ని తన వైపు జరుపుకుని, ఇది బంతి అనుకోండి అన్నాడు. పక్కన నా పెన్ను పెట్టి, ఇది నా కాలు. రబ్బరు పెట్టి, ఇది అతని కాలు. "నేను ముందు బంతిని తాకానా, కాలిని తాకానా? మీరు చూశారు కదండీ, చెప్పండి" అన్నాడు. నేను చూడలేదు. ఆ టైముకి గ్యాలరీ వెనక టీ తాగుతున్నాను. అరుపులు విని పరిగెత్తుకొచ్చేసరికి కుర్రాడు నేలమీదున్నాడు. ఆయనకి ఏదో నసిగి పంపించాను. సవరణ కూడా వెయ్యలేదు. పేపర్ వెయిట్ చాలా రోజులు ఆయన జరిపిన చోటే ఉండిపోయింది, నాకే దాన్ని ముట్టుకోవాలనిపించలేదు.

అప్పట్నుంచీ డిఫెండర్ గురించి ఎవరు ఏం రాసినా నేను మొదట వెతికేది బంతి ఎక్కడుందా అని. నీ వ్యాసంలో బంతే లేదు. ఫుట్‌బాల్ మీద ఇరవై పేరాలు రాశావు, ఒక్కచోట కూడా బంతి కనపడలేదు!

మన పాఠకులకి లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు కాపుకాసే డిఫెండర్) అంటే ఎవరో తెలియకపోవచ్చు, కబడ్డీ మాత్రం తెలుసు. కూతకొచ్చినవాడు తొడకొడితే ఈలలు పడతాయి. మూలన నిలబడి, వాడి బరువు ఏ కాలి మీదుంది, మడమ ఎప్పుడు నేలకి ఆనుతుంది అని చూసేవాడి మీద ఎవరి కన్నూ ఉండదు. పట్టు దొరికాకే వాడు కనపడతాడు. మెక్రీడీ చేసింది అదే పని. మంచి వేగం ఉన్నవాడు, ఒరిగిపోయి నేలమీద జారుతూ కాలు చాచి బంతిని తన్నేసేవాడు. ఆ జారడంలో పావు సెకను తేడా వస్తే బంతికి బదులు మనిషి. ఆ పావు సెకనుని నువ్వు వాక్యంలోకి తేగలిగితే 'ఉక్కు'తో నీకు పనుండదు.

ఇప్పుడు ఆ తన్ను దగ్గరికి వద్దాం. 1970 ఏప్రిల్ 29, ఓల్డ్ ట్రాఫర్డ్. అంతకు పద్దెనిమిది రోజుల ముందు వెంబ్లీలో లీడ్స్, చెల్సీ 2-2తో తేలక మళ్ళీ ఆడాల్సొచ్చింది. బ్రిటన్‌లో 2.8 కోట్ల మంది టీవీ ముందు కూర్చున్నారు. పెనాల్టీ ఏరియాలో పైనుంచి వస్తున్న బంతి కోసం మెక్రీడీ కాలు గాల్లోకి లేచింది. బంతి అందలేదు. బ్రెమ్నర్ తల అందింది. రిఫరీ ఎరిక్ జెన్నింగ్స్ ఆట ఆపలేదు. పెనాల్టీ లేదు, మందలింపు కూడా లేదు. ఆ రాత్రంతా కలిపి ఆయన పుస్తకంలో పేరెక్కింది ఒక్కడిదే, చెల్సీకే చెందిన ఇయాన్ హచిన్సన్‌ది. ఎక్స్‌ట్రా టైములో ఆ హచిన్సనే విసిరిన పొడవాటి త్రో నుంచి డేవిడ్ వెబ్ తలతో గోల్ కొట్టాడు. 2-1. చెల్సీకి మొట్టమొదటి ఎఫ్ఏ కప్.

నువ్వు ఇక్కడ 'నేరుగా రెడ్ కార్డు చూపాల్సింది' అని రాశావు. చూపడానికి అప్పటికి కార్డులే లేవు నాయనా. పసుపు, ఎరుపు కార్డులు మొదటిసారి వాడింది ఆ తర్వాత నెల చివర్లో మొదలైన మెక్సికో ప్రపంచ కప్‌లో. ఇంగ్లండ్ లీగులోకి వచ్చింది 1976లో. తప్పుచేసినవాణ్ణి బయటికి పంపడం ఉంది, జేబులోంచి తీసి చూపే కార్డు లేదు. 1997లో డేవిడ్ ఎలరే అనే రిఫరీ ఆ మ్యాచ్ టేపు మళ్ళీ చూసి, ఈ కాలం లెక్కన ఆరు రెడ్ కార్డులు, ఇరవై ఎల్లో కార్డులు ఇచ్చేవాణ్ణన్నాడు. 2020లో మైఖేల్ ఆలివర్ చూసి పదకొండు రెడ్లు అన్నాడు. టేపు అదే, ఆట అదే. ఇరవై మూడేళ్ళలో ఐదు రెడ్లు పెరిగాయి. నేనైతే ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి నోరు మూసుకుంటాను, మిగతాది చదివేవాడు చూసుకుంటాడు. నువ్వు మాత్రం ఒక అంకెని పట్టుకుని మెక్రీడీ మీద తీర్పు చెప్పేశావు.

అసలు నాకు బాధేసింది నువ్వు వదిలేసిన వాటిని చూసి.

బ్రెమ్నర్‌నే తీసుకో. నీ వ్యాసంలో అతను తన్ను తినడానికే పుట్టినట్టున్నాడు. అతనూ స్కాట్లండ్‌వాడే. 1967 ఏప్రిల్ 15న వెంబ్లీలో, అంతకుముందు ఏడాదే ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్‌ని స్కాట్లండ్ 3-2తో ఓడించింది. కప్ గెలిచాక ఇంగ్లండ్‌కి అదే మొదటి ఓటమి. అయితే అనధికారిక ప్రపంచ ఛాంపియన్లం మేమే అని స్కాట్లండ్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జట్టులో మెక్రీడీ ఉన్నాడు, బ్రెమ్నర్ ఉన్నాడు, ఒకే చొక్కా వేసుకుని. ఆ రోజు మెక్రీడీకి ఇరవై ఏడో పుట్టినరోజు కూడా. నువ్వు అతని పుట్టినరోజు 1940 ఏప్రిల్ 15 అని ఒక పేరాలో రాశావు, వెంబ్లీ మ్యాచ్ తేదీ ఇంకో పేరాలో రాశావు. రెండూ నీ చేతిలోనే ఉన్నాయి, కలిపి చూసుకోలేదు. ఆ మధ్యాహ్నం ముందు వచ్చి, మూడేళ్ళ తర్వాతి ఓల్డ్ ట్రాఫర్డ్ రాత్రి తర్వాత వస్తే, ఆ తన్నుకి నువ్వు ఒక్క విశేషణం కూడా తగిలించక్కర్లేదు.

ఇంకోటి, 1965 లీగ్ కప్ ఫైనల్. రెండు మ్యాచ్‌ల ఫైనల్ అది, లెస్టర్‌తో మొదటి మ్యాచ్. చెల్సీ సెంటర్ ఫార్వర్డ్‌కి దెబ్బతగిలితే కోచ్ టామీ డాకర్టీ ఈ లెఫ్ట్ బ్యాక్‌ని తీసుకెళ్ళి ముందు నిలబెట్టాడు. స్కోరు 2-2. తన సగంలో బంతి అందుకున్న మెక్రీడీ దాదాపు మైదానం పొడవునా దాన్ని నడిపించుకుంటూ వెళ్ళి గోల్ కొట్టాడు. గోల్ కీపర్ ఎవరనుకున్నావు? మరుసటి ఏడాది ప్రపంచ కప్ గెలిచిన గోర్డన్ బ్యాంక్స్. రెండో మ్యాచ్ 0-0. కప్పు వచ్చింది ఆ ఒక్క గోల్ తేడాతోనే. 410 మ్యాచ్‌లలో అతను కొట్టిన గోల్స్ చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి. నీకు ఇది ఒక లైను. 'గోల్స్ కూడా చేశాడు' అట. నెల తిరక్కుండానే బ్లాక్‌పూల్ హోటల్లో రాత్రి చెప్పిన టైముకి రాలేదని డాకర్టీ ఎనిమిది మంది ఆటగాళ్ళని ఇంటికి పంపేశాడు, అందులో మన హీరో ఉన్నాడు. మిగిలిన జట్టు బర్న్‌లీ చేతిలో 6-2తో ఓడిపోయింది. కప్పు కొట్టి నెలైనా కాకుండా ఇదీ సంగతి! ఇలాంటివి దొరికితే వదలకు.

మేనేజర్ భాగం మరీ హడావిడిగా ముగించావు. మనకి మేనేజర్ అంటే బ్యాంకులోనో హోటల్లోనో ఉంటాడు. అక్కడ జట్టుని ఎంచేదీ, ఆడించేదీ, ఓడితే తిట్లు తినేదీ అతనే అని ఒక్క వాక్యం పెట్టు. 1975 ఏప్రిల్లో, సీజన్ ఇంకో మూడు మ్యాచ్‌లుందనగా మెక్రీడీకి చెల్సీ పగ్గాలిచ్చారు. జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. ఏడాది ముందే కట్టిన ఈస్ట్ స్టాండ్ తాలూకు అప్పు క్లబ్బు మెడ మీదుంది, కొత్తవాళ్ళని కొనే స్తోమత లేదు. ఇంట్లో ఉన్న పిల్లల్నే నమ్ముకున్నాడు. పద్దెనిమిదేళ్ళ రే విల్కిన్స్‌ని కెప్టెన్ చేశాడు. పద్దెనిమిదేళ్ళంటే మన లెక్కలో ఇంటర్ అయిపోయిన కుర్రాడు, అతని మాట వినాల్సినవాళ్ళలో అతని కంటే పదేళ్ళు పెద్దవాళ్ళున్నారు. 1976-77లో స్టీవ్ ఫినీస్టన్ లీగులో 24 గోల్స్ కొట్టాడు, చెల్సీ రెండో స్థానంలో నిలిచి పై డివిజన్‌కి వచ్చేసింది. అన్నట్టు, మెక్రీడీ ఆటగాడిగా చేరిన మొదటి సీజన్ 1962-63లో కూడా చెల్సీ ఇలాగే రెండో స్థానంతోనే పైకొచ్చింది.

ఇక ఆ వేసవి. జట్టుని పైకి తెచ్చిన మనిషి, పై డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే వెళ్ళిపోయాడు. కొత్త కాంట్రాక్టు, అందులో కంపెనీ కారు అడిగాడనీ, అప్పుల్లో ఉన్న బోర్డు కుదరదందనీ, ఆ మాటమీద రాజీనామా చేశాడనీ అందరూ చెప్పుకునే కథ. అమెరికా వెళ్ళి మెంఫిస్ రోగ్స్ జట్టుకి కోచింగ్ ఇచ్చాడు. ఇంగ్లండ్‌లో మళ్ళీ ఏ జట్టుకీ మేనేజర్ కాలేదు. అతను చెల్సీ వదిలి వెళ్ళిన రెండేళ్ళకి, 1979లో, చెల్సీ మళ్ళీ కింద పడింది. 'ఎడ్డీ మెక్రీడీస్ బ్లూ అండ్ వైట్ ఆర్మీ' అనే అతని కాలం నాటి నినాదాన్ని మాత్రం చెల్సీ అభిమానులు వదల్లేదు.

దీనికి నువ్వు పెట్టిన ముగింపు చూసి పెన్సిల్ విరిగినంత పనైంది. 'అహంకారం మనిషిని ఎలా దిగజారుస్తుందో మెక్రీడీ జీవితమే ఉదాహరణ' అట. ఆ గదిలో నువ్వున్నావా? అడిగింది కారా, గౌరవమా, లేక రెండేళ్ళ కష్టానికి ఒక్క సంతకమా? నాకూ ఒక అనుమానం ఉంది. ఓడలు ముంచినా బోర్డు కుర్చీలు కదలవు, గట్టుకి చేర్చినవాడు మాత్రం కారడిగితే ఎక్కువ అడిగాడంటారు అని. అది నా అనుమానం, వ్యాసంలో దానికి చోటు లేదు. నీ తీర్పుకీ లేదు. జరిగింది జరిగినట్టు పెట్టి, అతన్ని మెంఫిస్ విమానం ఎక్కించి వచ్చెయ్.

చిల్లర తప్పులు కొన్ని మార్జిన్లో రాశాను. పేరు మూడు రకాలుగా రాశావు, మెక్రీడీ, మాక్రెడీ, మెక్‌క్రెడి. ఒకటి ఎంచుకో. స్కాట్లండ్‌లోని ఫాల్కర్క్ ఊరి ఈస్ట్ స్టర్లింగ్‌షైర్‌ని 'అగ్రశ్రేణి క్లబ్' అన్నావు, అది చిన్న జట్టు. చిన్న జట్టు నుంచి 5,000 పౌండ్లకి చెల్సీకి వచ్చాడంటేనే కథ బాగుంటుంది, పెంచితే పలచబడుతుంది.

రెండో ప్రతి ఆదివారంలోగా పంపు. 1965 గోల్‌తో మొదలెట్టి చూడు, కుదరకపోతే వెంబ్లీ పుట్టినరోజుతో. శీర్షిక సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

ఇంకొకటి, మర్చిపోయాను. పదిహేడో పేరాలో 'నల్లగా మెరిసిపోయే కారు' అని రాశావు. వాళ్ళు ఇవ్వనే లేదు కదరా, రంగెక్కడ చూశావు?

ఆశీస్సులతో,
అన్నయ్య