రాయబారిని అరెస్టు చేయొచ్చా? ఎంబసీ ఉన్న నేల ఎవరిది?

రెండో ప్రశ్న తేలిక. ఢిల్లీ చాణక్యపురిలో ఏ ఎంబసీ ఉన్నా ఆ నేల మనదే, అక్కడ నడిచేదీ మన చట్టమే. కాకపోతే దౌత్య సంబంధాలపై దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం 22వ అధికరణ ప్రకారం, రాయబారి ఒప్పుకోనిదే పోలీసులు గేటు దాటకూడదు.

ఇక అరెస్టు. 29వ అధికరణ అడ్డు, చేయకూడదు. క్రిమినల్ కేసుల్లో మినహాయింపే లేదు. సివిల్‌లో మూడున్నాయి: సొంత స్థిరాస్తి, వారసత్వ తగాదా, ఉద్యోగం పక్కన నడిపే సొంత వ్యాపారం. మన దగ్గర రాయబారి మీద దావా వేసేవాళ్లు తరచు మరిచిపోయేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్: ముందు కేంద్రం రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

అసలు మెలిక ఏమిటంటే, ఈ రక్షణ రాయబారి సొత్తు కాదు, పంపిన దేశానిది. వదులుకోవాలన్నా ఆ దేశమే స్పష్టంగా చెప్పాలి. 2013లో గొడవంతా ఇక్కడే వచ్చింది. కేరళ తీరంలో ఇద్దరు జాలర్లను కాల్చి చంపిన కేసులో ఉన్న ఇటలీ సైనికులిద్దరికి, ఓటేసి రావడానికి సుప్రీంకోర్టు 4 వారాలిచ్చింది. తిరిగి తెస్తామని రాయబారి డేనియెల్ మాన్చీని హామీ ఇచ్చారు. మార్చి 11న ఇటలీ 'పంపం' అనేసింది. కోర్టుకొచ్చి మాటిచ్చినవాడికి రక్షణ ఏమిటంటూ, ఆయన్ను దేశం దాటొద్దని కోర్టు ఆపింది. మార్చి 22న సైనికులు తిరిగి రావడంతో చిక్కుముడి విప్పే పని తప్పింది. కోర్టు కోపంలో న్యాయం ఉంది గానీ, వాదనలో బలం తక్కువ. వియన్నా ఒప్పందం 32వ అధికరణ ప్రకారం దావా వేసిన దౌత్యాధికారి దానికి సంబంధించిన ఎదురు దావాలో రక్షణ అడగలేడు, అంతే. అది కదలికలు ఆపేందుకు దారివ్వదు.

మరి ఆతిథ్య దేశం చేతిలో ఉన్న ఆయుధం? అదే ఒప్పందం 9వ అధికరణ. కారణం చెప్పకుండానే 'పర్సోనా నాన్ గ్రాటా' (ఇక్కడ ఉండనక్కర్లేని వ్యక్తి) అని ప్రకటించి పంపేయొచ్చు.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా ఆఫీసును వీసా కోసం వెళ్లేవాళ్లు ఎంబసీ అంటారు గానీ, అది కాన్సులేట్. కాన్సులేట్లకు వర్తించేది వేరే, 1963 వియన్నా ఒప్పందం: అధికారిక పనులకే రక్షణ, ఘోర నేరమైతే కోర్టు ఆదేశంతో అరెస్టు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేసినప్పుడు అమెరికా వాదన ఇదే. ఆమెను ఐరాసలోని మన మిషన్‌కు మార్చాక పూర్తి రక్షణ వచ్చింది. అభియోగం మోపిన రోజున ఆ రక్షణ ఉంది కనుక 2014 మార్చి 12న జడ్జి కేసు కొట్టేశారు. అప్పటికి ఆమె ఇండియాలో ఉన్నారు, ఆ హోదా పోయింది. రెండు రోజులకే మళ్లీ అభియోగం వేశారు.